నాన్నకు 76. అల్జీమర్స్ అని తేల్చే ముందు మీ ఇంట్లో ఏమేం చూశారు?

నీలిమేఘం:
ఏడాదిగా నాన్న అడిగిందే అడుగుతున్నారు. పాత సంగతులు పూస గుచ్చినట్టు చెబుతారు, పొద్దున ఎవరొచ్చి వెళ్లారో గుర్తుండదు. మొన్న డాక్టర్ నాన్నను ఒక గడియారం గీసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నారు. నాన్న గుండ్రంగా గీశారు, అంకెలూ సరిగ్గానే వేశారు. ఆ తర్వాత ఒక ముల్లు 11 మీద, 2 మీద పెట్టాల్సిన ఇంకోటి 10 మీద పెట్టి, పెన్ను మూసి ఇచ్చేశారు. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మొత్తం పరీక్షలో 30కి 21 వచ్చాయి. అల్జీమర్స్ కావచ్చు, ఇంకొన్ని చూద్దాం అన్నారు. ఇది చూసినవాళ్లు చెప్పండి, దయచేసి.

వేకువ:
ముందు బి12, థైరాయిడ్ చేయించండి. మా అత్తయ్యకు ఏడు నెలలు అల్జీమర్సే అనుకుని ఏడ్చాం. తీరా చూస్తే బి12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు పడ్డాక మనిషి చాలావరకు తేరుకుంది. అందరికీ అలాగే అవుతుందని కాదు, కానీ ఆ పరీక్ష వదలకండి. స్కాన్ కూడా తప్పదు. ఎప్పుడో జారిపడితే తల లోపల నెమ్మదిగా రక్తం చేరి అచ్చం మతిమరుపులాగే ఉంటుంది. డిప్రెషన్, చెవుడు కూడా అంతే.

డ్యూటీనర్స్:
వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టర్ ముందు పెట్టండి. నిద్రమాత్రలు, అలర్జీకి వేసుకునే డైఫెన్‌హైడ్రమిన్, మూత్రం ఆగకపోతే ఇచ్చే ఆక్సిబ్యుటినిన్ లాంటివి పెద్దవాళ్ల బుర్రను మందగింపజేస్తాయి. సొంతంగా మాత్రం ఆపేయొద్దు.
ఇంకో మాట. మనిషి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమకపడితే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది ఉండొచ్చు, ఆ రోజే చూపించాలి.
నాన్నగారి ముందే ఆయన తప్పులు ఏకరువు పెట్టకండి. ఎప్పుడు మొదలైంది, డబ్బు లెక్క చూసుకోగలరా, దారి తప్పారా, ఇవన్నీ కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వండి.

ఓపిక:
మందు సంగతి నేను చెబుతాను. అమ్మకు అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ మాత్ర 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెల దాటాక 10 చేశారు. రాత్రి వేస్తే పీడకలలతో ఉలిక్కిపడి లేచేది, డాక్టర్‌ను అడిగి పొద్దుటికి మార్చాం. 10 అయ్యాక ఆకలి పోయింది, వికారం. ఒకరోజు కళ్లు తిరిగి కూలబడిపోయింది. నాడి 48. ఈ మందు గుండె వేగాన్ని తగ్గించగలదని మాకెవరూ చెప్పలేదు, ముందు ఈసీజీ కూడా తీయలేదు. మీరు అడిగి తీయించుకోండి. తర్వాత అది ఆపేసి మెమాంటిన్ అనే ఇంకో మందు ఇచ్చారు. ఏ మందూ పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేదు అండి, కొన్నాళ్లు నిలబెడితే అదే పదివేలు.

నీలిమేఘం:
చాలా థాంక్సండి. కొత్త ఇంజెక్షన్ల గురించి విన్నాను, నాన్నకు పనికొస్తాయా?

డ్యూటీనర్స్:
లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు తొలి దశలో ఉండి, మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందని పెట్ స్కాన్‌లోనో వెన్ను నీటి పరీక్షలోనో తేలితేనే ఇస్తారు. జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి, నయం చేయవు. మెదడు వాయడం, లోపల రక్తం చిమ్మడం జరగొచ్చు, అందుకే మళ్లీ మళ్లీ ఎమ్మారై తీస్తారు. రక్తం పలుచన చేసే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఓపిక:
ఇంకోటి రాయడం మర్చిపోయాను. సాయంత్రమైతే అమ్మ "మా ఇంటికి వెళ్దాం" అని గొడవ చేస్తుంది. ఇదే మనిల్లు అని ఎంత వాదించానో! ఇప్పుడు చెయ్యి పట్టుకుని బయట ఒక చుట్టు తిప్పి తీసుకొస్తాను. గుమ్మం దగ్గరికి రాగానే తనే "వచ్చేశాం" అంటుంది, చెప్పులు విప్పుకుంటుంది. గొడవ ఎక్కువైందని మత్తు మందులకు తొందరపడకండి. కొన్నింటితో ఈ జబ్బున్న పెద్దవాళ్లకు ప్రాణాపాయం పెరుగుతుందని హెచ్చరిక ఉంది.

నీలిమేఘం:
రిపోర్టులు వచ్చాయి. బి12, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. ఎమ్మారైలో జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోకాంపస్ కుంచించుకుపోయిందట. ఎన్నో ఏళ్లుగా వాడుతున్న నిద్రమాత్రను మెల్లగా తగ్గిస్తున్నారు. ఈసీజీ నేనే అడిగి తీయించాను, బాగుంది. నిన్నటి నుంచి పొద్దున డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములు వేస్తున్నాం. మాత్ర దేనికి అని నాన్న ఇప్పటికి నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ చెప్పాను.