విమానం కూలిందా, కూల్చారా? బల్వంతరాయ్ మెహతా గురించి ఒక్క వాక్యం

అందరికీ నమస్కారం. నేను గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పాలిటీ చెప్తాను. నిన్న క్లాసులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. రాత్రంతా అదే ఆలోచన, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

పంచాయతీరాజ్ పాఠం మొదలయ్యేదే బల్వంతరాయ్ మెహతా పేరుతో. 1957లో ఆయన కమిటీ మూడంచెల వ్యవస్థ ఉండాలని చెప్పింది: గ్రామ పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్. 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో అది మొదలైంది. అదే ఏడాది మన దగ్గర షాద్‌నగర్‌లోనూ మొదలైంది. ఇంతవరకు పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆ పేజీ చివర నోట్సులో ఒక వాక్యం ఉంది: "మెహతా 1965లో విమాన ప్రమాదంలో మరణించారు."

ఒక అమ్మాయి అడిగింది: "ప్రమాదం అంటే ఏమైంది మేడమ్? ఇంజన్ ఫెయిలయిందా, వాతావరణం బాలేదా?"

ఆ అమ్మాయి అలా అడగడంలో తప్పేం లేదు. మన పిల్లలకు "నాయకుడు, విమాన ప్రమాదం" అనగానే గుర్తొచ్చేది 2009 సెప్టెంబర్‌లో నల్లమలలో వైఎస్ గారి హెలికాప్టర్. ఇంకొంచెం పెద్దవాళ్లకు 2002లో కైకలూరు దగ్గర బాలయోగి గారి హెలికాప్టర్. అవి నిజంగా ప్రమాదాలే. మెహతా గారిది అలాంటిది కాదు. 1965 సెప్టెంబర్ 19న, భారత్ పాకిస్తాన్ యుద్ధం ఇంకా సాగుతుండగా, గుజరాత్ ముఖ్యమంత్రి హోదాలో ఆయన మిఠాపూర్ నుంచి కచ్ సరిహద్దు వైపు చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానంలో బయల్దేరారు. పాకిస్తాన్ వైమానిక దళానికి చెందిన సేబర్ యుద్ధ విమానం దాన్ని కాల్చింది. కచ్‌లో సుథరీ అనే ఊరి దగ్గర పడిపోయింది. ఆయన, భార్య సరోజ్‌బెన్, ముగ్గురు సిబ్బంది, ఒక జర్నలిస్టు, విమానం నడిపే ఇద్దరు, మొత్తం ఎనిమిది మంది చనిపోయారు. ఇంకో నాలుగు రోజులకే కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది.

దీన్ని "విమాన ప్రమాదం" అనొచ్చా? నాకు మనసొప్పడం లేదు. మరి తెలుగులో ఏమనాలి?

నేను గమనించింది చెప్తాను. దీనికి కావలసిన మాట మన భాషలో సిద్ధంగానే ఉంది. కూలు, కూల్చు. కాలు, కాల్చు. పేలు, పేల్చు. రాలు, రాల్చు. చీలు, చీల్చు. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఒకరు చేసేది. తేడా అంతా ఒక్క "ల్చు"లో ఉంది. పైగా పక్కన చేరే సహాయక క్రియ కూడా ఆ తేడాను కాపాడుతుంది. "కూలిపోయింది" అంటాం, "కూల్చేశారు" అంటాం. "పో" చేరితే ఎవరి ప్రమేయమూ లేనట్టు వినిపిస్తుంది, "వేయు" చేరితే ఒకరు పూనుకుని చేసినట్టు. మన చెవికి ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. "గోడ కూలిపోయింది" అంటే వాన పడిందేమో అనుకుంటాం, "గోడ కూల్చేశారు" అంటే ఎవరు అని అడుగుతాం.

"ప్రమాదంలో మరణించారు" అని రాస్తే ఆ "ఎవరు" అనే ప్రశ్నే పుట్టదు. నా బాధ అది. పెద్దలు తప్పుంటే సరిదిద్దండి.

ఒకప్పటి డెస్క్ మనిషి:
అమ్మా, మీరన్నది నిజం. కాకపోతే పేపర్ వాళ్ల వైపు నుంచి ఒక మాట. మొదటి రోజు వార్త రాసేటప్పుడు ఎవరు కూల్చారో, అసలు కూల్చారో లేదో ధ్రువపడదు. అప్పుడు "విమానం కూలి ముఖ్యమంత్రి మృతి" అని రాయడమే సరైన పద్ధతి. "కూలి" అన్నప్పుడు కారణం చెప్పడం లేదు, పడిపోయిందని మాత్రమే చెప్తున్నాం. మేం డెస్కులో ఎన్నోసార్లు అలా రాశాం. అది జాగ్రత్త. కానీ అరవై ఏళ్లు గడిచి, కాల్చిన పైలటే నేను కాల్చానని చెప్పిన తర్వాత కూడా గైడ్లలో "ప్రమాదం" అని ఉంచడం మాత్రం అలసత్వం.

ఇంకొకటి. కొందరు దీన్ని సరిచేయబోయి "విమానం కూల్చబడింది" అని రాస్తారు. అలా రాయొద్దని మీ పిల్లలకు చెప్పండి. చేసినవాడి పేరు చెప్పకుండా చేశాడని చెప్పడానికి తెలుగుకి "బడు" అక్కర్లేదు. "విమానాన్ని కూల్చేశారు" చాలు. కర్త కనిపించడు, కానీ ఉన్నాడు. "రోడ్డు తవ్వేశారు", "కరెంటు తీసేశారు" అని రోజూ అంటూనే ఉన్నాం కదా.

మొదటి పోస్టు రాసినావిడ:
ధన్యవాదాలు సర్. "కర్త కనిపించడు, కానీ ఉన్నాడు" అన్న మాట రేపు క్లాసులో చెప్తాను.

సంస్కృతం టీచర్, ఒంగోలు:
మేడమ్ గారూ, మీరు "ప్రమాదం" మాటను పూర్తిగా తోసేయకముందు దాని అసలు అర్థం కూడా చూడాలి. సంస్కృతంలో ప్రమాదం అంటే యాక్సిడెంట్ కాదు. ఏమరుపాటు, చేయవలసిన చోట జాగ్రత్త లేకపోవడం. గీత 14వ అధ్యాయంలో తమోగుణం మనిషిని దేనితో కట్టేస్తుందో చెబుతూ "ప్రమాదాలస్యనిద్రాభిః" అన్నారు. సోమరితనం, నిద్రలతో పాటు ఏమరుపాటు. "ప్రమాదో ధీమతామపి" అన్నా అంతే, తెలివైనవాళ్లు కూడా పొరపాటు చేస్తారని. తెలుగులో ఆ పాత అర్థం ఇంకా చావలేదు. తుఫాను వస్తుందంటే "తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని రేడియోలో చెప్తారు. అక్కడ "అప్రమత్తం" అంటే ఏమరకుండా ఉండటమే. ప్రమాదానికి మాత్రం అపాయం, యాక్సిడెంట్ అనే అర్థాలు స్థిరపడ్డాయి.

ఆ పాత అర్థంలో చూస్తే 1965లో జరిగింది "ప్రమాదమే" కదా? సరిహద్దు దగ్గర ఒక పౌర విమానాన్ని నిఘా విమానం అనుకున్నారు. అది ఒకరి ఏమరుపాటు.

మొదటి పోస్టు రాసినావిడ:
మాస్టారూ, మీ మాట చదివి చాలాసేపు ఆలోచించాను. "అప్రమత్తం" సంగతి నాకు ఇంతవరకు తట్టనే లేదు. కానీ మెహతా గారి విషయంలో ఆ పాత అర్థం కూడా సరిపోదని నాకనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

కాల్చిన పైలట్ పేరు కైస్ హుస్సేన్. అప్పటికి కుర్రాడు, ఫ్లయింగ్ ఆఫీసర్. ఆయన తర్వాత చెప్పిన ప్రకారం, దగ్గరికి వెళ్లి చూశాడు, అది పౌర విమానమని గుర్తించాడు, కింద ఉన్న కంట్రోలర్‌కి ఆ మాటే చెప్పాడు. కాల్చమని ఆదేశం వచ్చింది. కింద విమానం రెక్కలు అటూ ఇటూ ఊపింది. మేం యుద్ధానికి రాలేదు, వదిలేయండి అని ఆకాశంలో చెప్పగలిగింది అదొక్కటే. కాల్చాడు. లోపల ఎవరున్నారో ఆ సాయంత్రం ఆకాశవాణి వార్తల్లో విన్నాకే ఆయనకు తెలిసింది.

ఇందులో ఏమరుపాటు ఎక్కడుంది? ఆ పైలట్ చూశాడు, అడిగాడు, జవాబు కోసం ఆగాడు. ఆదేశం ఇచ్చినవాళ్లు, సరిహద్దులో కొత్తగా దాడి మొదలుపెట్టడానికి భారత్ సర్వే చేస్తోందేమో అని భయపడి ఉండొచ్చు. వాళ్ల అంచనా తప్పు. కానీ తప్పుడు అంచనా వేరు, ఏమరుపాటు వేరు. ఆలోచించి, తప్పుగా ఆలోచించి, కాల్చారు. అందుకే నాకు "కూల్చారు" తప్ప ఇంకే మాటా సరిపోవడం లేదు.

సంస్కృతం టీచర్, ఒంగోలు:
ఒప్పుకుంటున్నాను. రెక్కలు ఊపిన సంగతి నాకు తెలియదు. ఆ మాట తెలిశాక "ప్రమాదం" అనడానికి నాకూ నోరు రావడం లేదు.

కరీంనగర్ నుంచి ఒక సభ్యుడు:
మేడమ్, అట్లయితే నేతాజీ విషయంల ఏమనాలె? అది కూడ యుద్ధం నాటి విమానమే కద.

మొదటి పోస్టు రాసినావిడ:
అది వేరు తమ్ముడూ. 1945 ఆగస్టు 18న తైహోకులో, అంటే ఇప్పటి తైపేలో, జపాన్ బాంబర్ విమానం టేకాఫ్ అవుతూనే కూలింది. ఎవరూ కూల్చలేదు. జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించి అప్పటికి మూడు రోజులైంది. ఒళ్లంతా కాలి ఆ రాత్రే ఆసుపత్రిలో చనిపోయారని 1956లో షానవాజ్ కమిటీ, తర్వాత ఖోస్లా కమిషన్ చెప్పాయి. ముఖర్జీ కమిషన్ కాదంది, ప్రభుత్వం ఆ నివేదికను ఒప్పుకోలేదు. అక్కడ "కూలింది", "ప్రమాదం" రెండూ సరైన మాటలే. అక్కడ గొడవంతా చివరి అక్షరం మీద. మా తాతగారు ఎప్పుడూ "చనిపోయారట" అనేవారు, "చనిపోయారు" అని ఆయన నోట నేను వినలేదు. ఆ "ట" గురించి విడిగా ఒక చర్చ పెట్టాలి.

సైనిక కుటుంబం నుంచి, విశాఖ:
అక్కా, "వీరమరణం" అంటే ఎలా ఉంటుంది? యుద్ధంలో శత్రువు కాల్పులకు చనిపోయారు కదా. కొన్ని చోట్ల "దుర్మరణం" అని కూడా చూశాను, అది చదివితే ప్రాణం చివుక్కుమంటుంది.

మొదటి పోస్టు రాసినావిడ:
"దుర్మరణం" నాకూ నచ్చదమ్మా. రోజూ రోడ్డు మీద పోయే ప్రాణాలకు కూడా ఆ మాటే వేస్తున్నారు, చదివే ఇంటివాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించరు. "వీరమరణం" మాత్రం ఆయుధం పట్టినవాళ్లకు ఉంచుదాం. మెహతా గారు ఆయుధం పట్టలేదు, ఆ విమానంలో ఎవరూ పట్టలేదు. పైలట్ జహంగీర్ ఇంజనీర్ ఒకప్పుడు వైమానిక దళంలో పనిచేసినవారే, కానీ ఆ రోజు నడిపింది పౌర విమానం. పైగా ఇలాంటి పెద్ద మాట వేస్తే అది ముఖ్యమంత్రి ఒక్కరికే చేరుతుంది, మిగతా ఏడుగురు వెనక్కి పోతారు.

నలభై ఆరేళ్ల తర్వాత, 2011లో, కైస్ హుస్సేన్ ఉత్తరం రాసింది కూడా మెహతా గారి ఇంటికి కాదు, ఆ పైలట్ కూతురికి. జరిగింది వివరంగా చెప్పి, పోయిన ఎనిమిది ప్రాణాలకూ సంతాపం తెలిపాడు. తన తండ్రిని కాల్చిన మనిషి మీద తనకు ఎన్నడూ ద్వేషం లేదని ఆమె జవాబు రాసింది. "కూలింది" అని కాకుండా కాల్చింది నేనే అని చెప్పుకున్నాడు కాబట్టే కదా ఆ జవాబు రాయడానికి ఆమెకు ఒక మనిషి దొరికాడు.

ఒకప్పటి డెస్క్ మనిషి:
అమ్మా, ఇంతకీ నోట్సులో ఏం రాస్తున్నారు? ఒక్క వాక్యంలో పట్టాలి మరి.

మొదటి పోస్టు రాసినావిడ:
రెండు వాక్యాలయ్యాయి సర్. "1965 సెప్టెంబర్ 19న, యుద్ధ సమయంలో, గుజరాత్ ముఖ్యమంత్రి బల్వంతరాయ్ మెహతా వెళ్తున్న పౌర విమానాన్ని పాకిస్తాన్ వైమానిక దళం కచ్‌లో కూల్చివేసింది. ఆయనతో పాటు భార్య, మరో ఆరుగురు చనిపోయారు." "మరణించారు" తీసేసి "చనిపోయారు" అని పెట్టాను, ఎనిమిది మందికీ ఒకే మాట ఉండాలని. ఏదైనా మార్చాలంటే ఈ రాత్రికే చెప్పండి, పొద్దున జిరాక్స్‌కి ఇవ్వాలి.