డిజైన్ ఫైల్ లింకు క్లయింటుకు మొదటి రోజే ఇవ్వాలా?

తీరం_డిజైనర్ (సిరిపురం):
విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు ఇంటికి చేర్చే యాప్ ఒకటి చేస్తున్నాం. స్క్రీన్లు ఫిగ్మాలో (బ్రౌజర్‌లోనే నడిచే డిజైన్ టూల్) గీస్తాం. ఆ ఫైల్ లింకు మొదటి రోజే క్లయింటుకు ఇచ్చి కామెంట్లు పెట్టమనాలని మా మేనేజర్ గారి పట్టుదల. నేను వద్దంటున్నాను.

ఇందులో అసలు చిక్కు ధర. కోయకముందు తూచిన బరువుకి డబ్బు తీసుకోవాలా, శుభ్రం చేశాక మిగిలినదానికా? తల, పొలుసు, పేగులు పోయాక కిలో కిలోగా ఉండదు కదా. ఇది తేలకుండా బిల్లు స్క్రీన్ గీయలేం. కానీ లింకు తెరవగానే క్లయింటు కంట్లో పడేది బటన్ రంగు. దాని మీద ఆయన కామెంటు ఒకటి, ఆయన తమ్ముడిది ఇంకొకటి, వాళ్లిద్దరికీ జవాబుగా మేనేజర్‌ది. ధర ప్రశ్న అడుగున పడిపోతుంది. ఆర్డర్ ఎలా సాగాలో తేలేదాకా కాగితం మీద పెన్సిల్‌తో గీసి చూపిస్తే చాలు. పెన్సిల్ గీతకి రంగు గొడవ ఉండదు. మీరేమంటారు?

కోడ్_గాజువాక:
అన్నా, క్లయింటు సంగతి తర్వాత. మా డెవలపర్లకి కూడా ఫైల్ చూపించరు చూడండి, అక్కడ మండుతుంది. చివర్లో "ఫైనల్" అని చేతిలో పెడతారు. నిండా సరుకున్న స్క్రీన్ అందంగా ఉంటుంది, సరుకు లేని రోజుది ఉండనే ఉండదు. పేమెంట్ సగంలో ఆగితే ఏం చూపించాలో కూడా ఉండదు.

మీ యాప్‌నే తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మర పడవలకి వేట నిషేధం. ఆ 61 రోజులు హోమ్ స్క్రీన్ మీద ఏం పెడతారు? ఈ మాట నేను మొదటి రోజు అడిగితే మీకు ఒక స్క్రీన్ అదనం. కోడ్ రాశాక అడిగితే డేటాబేస్ దాకా తవ్వాలి. కాగితం మీ బల్ల మీద ఉంటే నేనెలా అడగను?

తీరం_డిజైనర్:
నిషేధం పాయింట్ బాగుంది తమ్ముడూ, రాసుకున్నాను. డెవలపర్‌కి ఫైల్ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. నా ప్రశ్న క్లయింటు గురించి.

పాతకాపు:
ఒకప్పుడు ఈ గొడవే లేదు. 2010లో వచ్చిన స్కెచ్ అనే డిజైన్ టూల్ మ్యాక్‌లో తప్ప నడిచేది కాదు. విండోస్ వాడే డెవలపర్‌కి బొమ్మలు మెయిల్ చేసేవాళ్లం. 2016లో ఫిగ్మా అందరి చేతికీ వచ్చాక బ్రౌజర్ ఉంటే చాలు, ఎవరైనా లోపలికి రావచ్చు. అందుకే ఇప్పుడు ఎవరిని రానివ్వాలన్నది తగువైంది.

నా బెంగ వేరు. పనంతా ఒకే కంపెనీ సర్వర్ల మీద పెడుతున్నాం. 2022లో ఫొటోషాప్ కంపెనీ అడోబీ 20 బిలియన్ డాలర్లకి ఫిగ్మాని కొంటానంది, 2023 డిసెంబరులో బేరం రద్దయింది. ఇలాంటిదే ఇంకో డిజైన్ టూల్ ఇన్‌విజన్ అయితే 2024 చివరికి మూతపడింది. ఫిగ్మా నుంచి ఫైల్ (.fig) దింపి దాచుకున్నా, దాన్ని సరిగ్గా తెరవడానికి మళ్లీ ఫిగ్మానే కావాలి. పెన్‌పాట్ అనే డిజైన్ టూల్ అయితే ఓపెన్ సోర్స్, సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటూ సిగ్నలూ లేని ఊరు మనది. ముఖ్యమైన స్క్రీన్లు పీడీఎఫ్‌గానైనా లాప్‌టాప్‌లో ఉంచుకోండి.

అక్షరం_ఎంవీపీ:
పాతకాపు గారూ, మీ బెంగ నిజమే గానీ అది వేరే చర్చ.

లింకు ఎప్పుడిచ్చినా సరే, అందులో తెలుగు ఉందా లేదా చూడండి. ఇంగ్లీషులో గీసి, ఒప్పించి, చివర్లో తెలుగు దింపుతారు. ఇంగ్లీషు కొలతకి బిగించిన బటన్‌లో "రాష్ట్రం" రాస్తే కింది ఒత్తులు తెగిపోతాయి. లైన్ హైట్ (వరుస ఎత్తు) పెంచితే పక్క కార్డులన్నీ జరుగుతాయి. ఫిగ్మాలో ఆటో లేఅవుట్ వాడితే పెట్టె తనంతట తాను పెరుగుతుంది, కానీ ఎంతమంది వాడుతున్నారు? పైగా మీరు ముచ్చటపడి పెట్టిన ఫాంట్ యాప్‌లో కలపకపోతే ఫోన్ తన సొంత ఫాంట్‌లో చూపిస్తుంది. ఒత్తుల లోతు ఒక్కో ఫాంట్‌లో ఒక్కోలా ఉంటుంది. హార్బర్‌లో చేపలమ్మే ఆవిడ చేతిలో ఫోన్ పెట్టి చూడందే ఇది బయటపడదు. కాగితం మీద అసలే బయటపడదు, తీరం గారూ.

హాస్టల్_ఓనర్:
నేను డిజైనర్‌ని కాదు, డబ్బులిచ్చే వాడిని. మా హాస్టల్ బుకింగ్ యాప్ చేసినవాళ్లు లింకు పంపి "చూసి చెప్పండి సార్" అన్నారు. ఏం చూడాలి? నాకు తెలిసింది రంగు, లోగో. అవే చెప్పాను, టెన్షన్ పడ్డారు. శుభలేఖ ప్రూఫ్ ఇచ్చినా ముందు వినాయకుడి బొమ్మ బాగుందా అనే చూస్తాం, ముహూర్తం టైము చూడమని చెబితే అదీ చూస్తాం. ఫలానా ప్రశ్నకి జవాబు కావాలని లింకుతో పాటు రాయండి. రంగు మీద కామెంటు పెడితే "తర్వాత చూద్దాం సార్" అనండి, ఏమీ అనుకోం.

తీరం_డిజైనర్:
సార్, ఇది నచ్చింది. అయితే ఇలా చేస్తాం. ఫైల్ మొదటి రోజు నుంచి డెవలపర్‌కి తెరిచే ఉంటుంది. బరువు సంగతి మాత్రం కాగితం మీదే, హార్బర్‌కి వెళ్లి తేల్చుకుంటాను. అది తేలాక తెలుగు అక్షరాలతో, రంగుల్లేకుండా ప్రొటోటైప్ (నొక్కి చూడగల నమూనా) చేసి, రెండే ప్రశ్నలు రాసి క్లయింటుకు లింకు. కామెంట్లు పెట్టేది ఆయనొక్కరే, తమ్ముడు గారు కాదు.

కోడ్_గాజువాక:
తమ్ముడికి ఆయన వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తాడన్నా. లింకు ఉన్నవాళ్లంతా చూసేలా కాకుండా, పిలిచినవాళ్లకే తెరుచుకునేలా సెట్టింగ్ మార్చండి. ఇంతకీ బిల్లు ఏ బరువుకి?

తీరం_డిజైనర్:
కోయకముందు బరువుకే అంటున్నాడు క్లయింటు. కొనేవాళ్లని ఇంకా అడగలేదు.