అప్‌డేట్: 1991లో సెన్నా ట్రోఫీ ఎత్తడానికి ఎందుకు కష్టపడ్డాడో తెలిసింది

1991 మార్చి 24న సావో పావులోలోని ఇంటర్లాగోస్ ట్రాక్‌పై ఫార్ములా వన్ కార్ల రేసు గెలిచిన బ్రెజిల్ డ్రైవర్ అయర్టన్ సెన్నా, పోడియంపై ట్రోఫీ ఎత్తడానికి ఎందుకంత అవస్థ పడ్డాడని గత నెల ఇక్కడే అడిగాను. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు.

కారులోని కెమెరా దృశ్యాలను శబ్దం పెంచి చూడమన్న సలహాతో చిక్కు వీడింది. అతను నడిపిన మెక్‌లారెన్ కారులో గేర్లు చేత్తోనే మార్చాలి. మొదట నాలుగోది పోయింది, తర్వాత మిగతావీ మొరాయించాయి. చివరికి మిగిలింది ఎక్కువ వేగానికి వాడే ఆరో గేరొక్కటే. మెల్లగా తిరగాల్సిన మలుపుల్లో ఇంజిన్ గొంతు పడిపోయి, ఇక ఆగిపోతుందేమో అన్నట్టు మూలుగుతుంది; మళ్లీ నెమ్మదిగా లేస్తుంది. పైగా వాన చినుకులు. ముగింపు గీత దాటేసరికి రెండో స్థానంలో ఉన్న డ్రైవర్ పత్రేసేపై ఆధిక్యం 2.991 సెకన్లే. అలా కారును నడిపిన శ్రమకు సెన్నా భుజాలు, మెడ కండరాలు పట్టేసి, కారులోంచి దిగడానికే సాయం కావాల్సి వచ్చింది.

ప్రమాదంలో గాయపడి ఉంటాడన్న నా అనుమానం తప్పు. ఆ రేసులో అతనికి ప్రమాదమే జరగలేదు.

1984 నుంచి సొంతగడ్డపై అందకుండా పోయిన గెలుపు అది. వణికే చేతులతో, ఒక్క క్షణమే అయినా, ట్రోఫీ ఎత్తాడు. అక్కడ నాకు కన్నీళ్లు ఆగలేదు.