అమ్మ 56 ఏపీవోకి రాసిన 31 ఉత్తరాలు: వరుస పెట్టడం ఎలా?

గోదారి పిల్ల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

నాన్న మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో, చేశారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పోయిన మాఘంలో అమ్మ కూడా వెళ్ళిపోయింది. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ఇల్లు అద్దెకిద్దామని సామాను సర్దుతుంటే అటక మీద నాన్న నల్ల ట్రంకు పెట్టె దొరికింది. మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. లోపల ఒక ఊలు మఫ్లరు, దాని కింద పాత న్యూస్ పేపరు, పేపరు కింద గుడ్డ సంచీ. సంచీలో ఉత్తరాలు. ఇన్లాండ్లు 23, కార్డులు 8. అన్నీ అమ్మ నాన్నకి, 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసుకి రాసినవే.

నాన్న రాసినవి ఒక్కటీ లేవు. అవి వంటింటి గోడకి వేలాడే ఇనప తీగకి గుచ్చి ఉండేవి. శుభలేఖలు, శిస్తు రసీదులు, నాన్న ఉత్తరాలు అన్నీ ఆ తీగకే. 77 ఉప్పెనకి తాటాకు కప్పు లేచిపోయినప్పుడు తీగతో సహా పోయాయి. అమ్మ రాసినవి మాత్రం ఆయన పెట్టెలో పెట్టుకుని దేశమంతా తిప్పి మళ్ళీ మా అటక మీదికే తెచ్చారన్నమాట.

ఇప్పుడు నా ఇబ్బంది. అమ్మ ఏ ఉత్తరం మీదా తారీఖు వెయ్యలేదు. "మార్గశిర బహుళ తదియ ఆదివారం" అని తిథి, వారం వేసింది. కొన్నిటికి అదీ లేదు, "ఉభయకుశలోపరి" అని మొదలెట్టేసింది. పోస్టాఫీసు ముద్రలు చాలావరకు చెరిగిపోయాయి. వీటిని ఏది ముందు ఏది వెనక అని ఎలా పేర్చాలి?

అడ్రసులన్నీ ఇంగ్లీషులో, గుండ్రటి మగ చేతిరాతలో ఉన్నాయి. లోపలిది అమ్మ రాతే, సందేహం లేదు, "ళ" రాస్తే తోక పక్క అక్షరం దాకా పోతుంది. మరి అడ్రసు ఎవరు రాసినట్టు? నాలుగు ఇన్లాండ్ల మీద అదనంగా ఎర్రటి చిన్న స్టాంపు ఉంది, తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లల బొమ్మ. కుటుంబ నియంత్రణ స్టాంపనుకుంటా. మొగుడు సరిహద్దులో ఉంటే ఇంకా నియంత్రణ ఎందుకో!

ఒక ఇన్లాండు వెనక మడత మీద చుక్కలూ గీతలూ ఉన్నాయి, వరసలుగా. నాన్న పని మైన్లు (మందుపాతరలు) పాతడం, తీయడం కదా, అలాంటి లెక్కేమైనా రాసుకున్నారా? ఆయన మాకు యుద్ధం గురించి చెప్పింది ఒక్క మాటే, "బసంతర్ దగ్గర చలి" అని. అంతే.

కార్డుల గురించి చెప్పకపోతే నిద్ర పట్టదు. కార్డులు నాయనమ్మ చెప్తుంటే అమ్మ రాసినవి. ఇంట్లో చదువొచ్చింది అమ్మకే కాబట్టి అత్తగారి మాటలు కోడలే రాయాలి. ఒక కార్డులో అమ్మ చేత్తోనే ఇలా ఉంది: "కోడలు క్షేమం. ఈ మధ్య పనికి బద్ధకిస్తోంది. పొద్దెక్కి లేస్తోంది. నువ్వు ఒక ముక్క రాయి." ఒక్క అక్షరం వంకర పోలేదు! కార్డు కాబట్టి దారిలో అందరూ చదివే ఉంటారు. అదే రోజు రాసిన ఇన్లాండు కూడా ఉంది. మొదటి వాక్యం: "పొద్దున కార్డులో నా గురించి నేను రాసినవి పట్టించుకోకండి."

పోస్టుమాస్టారి అబ్బాయి

అడ్రసు సంగతి నేను చెప్తాను. మా నాన్న బడిపంతులు, ఊళ్ళో బ్రాంచి పోస్టాఫీసు కూడా మా అరుగు మీదే. మీ అమ్మగారు నాన్నగారి పేరు పలికేవారా?

మా ఊళ్ళో సిపాయిల ఇళ్ళు ఏడెనిమిది ఉండేవి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఉత్తరం రాసి, అంటించేసి, అడ్రసు వైపు ఖాళీగా తెచ్చేవారు. ముందే అంటించడం ఎందుకంటే పంతులుగారు చదవకుండా. మొగుడి దగ్గర్నుంచి వచ్చిన పాత కవరు పక్కన పెట్టేవారు, నాన్న అందులో చూసి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీవో అని ఇంగ్లీషులో రాసేవారు. ఒకావిడకి తెలుగు, హిందీ రెండూ వచ్చు, అయినా పేరు దగ్గర కలం ఆపేసేది. "పేరు మీరు రాయండి మాస్టారూ."

56 ఏపీవో ఊరు కాదు. యూనిట్ ఎక్కడుందో బయటికి తెలియకుండా పెట్టుకున్న ఏర్పాటు. ఉత్తరాలు ఢిల్లీలో సైన్యం వాళ్ళ బేస్ పోస్టాఫీసుకి చేరితే అక్కడినుంచి యూనిట్‌కి పంపేవారు. తూర్పు వైపున్న వాళ్ళకి కలకత్తా మీదుగా, 99 ఏపీవో.

ఎర్ర స్టాంపు మీకు బాగా పనికొస్తుంది. భూతద్దం పెట్టి చూడండి, దాని మీద నల్లగా "రెఫ్యూజీ రిలీఫ్" అని అచ్చు ఉంటుంది. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం 1971 నవంబర్ 15 నుంచి 5 పైసలు అదనంగా వేశారు. విడిగా స్టాంపు తయారయ్యేలోపు, ఉన్న కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే ఆ మాట అచ్చేసి అమ్మారు. కాబట్టి ఆ నాలుగూ నవంబర్ 15 తర్వాతవి. ఆ పన్ను 1973 మార్చి ఆఖరు దాకా ఉంది.

చిటపట

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటాను. అవి ఆవిడ ఆయనకి రాసుకున్నవి. మీకు కాదు, మాకు అసలే కాదు. మా అమ్మవి దొరికితే నేను విప్పకుండా గోదాట్లో కలిపేశాను. ఏమీ పోయినట్టు అనిపించలేదు.

గోదారి పిల్ల

చిటపట గారూ, మీరన్నది నాకూ తట్టింది. ఇప్పటికి 17 చదివాను. రెండు మాత్రం మడత విప్పి, మొదటి లైను చూసి, మళ్ళీ మూసేశాను. అవి మూసే ఉంటాయి.

మాస్టారి అబ్బాయి గారూ, అమ్మ జన్మలో నాన్న పేరు పలకలేదు. ఓటర్ల లిస్టు వాళ్ళొస్తే వాకిట్లోంచి నన్ను కేకేసి చెప్పించేది. ఇది నాకెందుకు తట్టలేదో! భూతద్దంలో చూశాను, మీరన్నట్టే అచ్చు ఉంది.

ఇంకోటి. అన్ని ముద్రలూ మా ఊరి పోస్టాఫీసువి, ఆ మార్గశిర బహుళ తదియ ఉత్తరం మీద మాత్రం ఏలూరు ముద్ర. తారీఖులో 6 కనిపిస్తోంది, నెల చెరిగిపోయింది. ఎర్ర స్టాంపు దీని మీదా ఉంది.

పాత పంచాంగం

1971 విరోధికృత్ నామ సంవత్సరం. ఆ ఏడు మార్గశిర పౌర్ణమి డిసెంబర్ 2. మర్నాడు పాడ్యమి, ఆ శుక్రవారం సాయంత్రమే పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌ఫీల్డుల మీద పడ్డాయి. బహుళ తదియ ఆదివారం అంటే డిసెంబర్ 5. యుద్ధం మొదలైన మూడో రోజు. ఆదివారం రాసి డబ్బాలో వేస్తే సోమవారం 6న ముద్ర పడింది. మీ ఉత్తరానికి సరిగ్గా అతుకుతోంది.

తిథీ వారమూ రెండూ ఉన్నవి ఇక్కడ పెట్టండి, నేను తారీఖులు కట్టిస్తాను. వారం లేకుండా తిథి ఒక్కటే ఉన్నవాటితో కాస్త కష్టం.

రిటైర్డ్ తంబీ

అమ్మా, నేనూ మద్రాస్ సాపరే. మీ నాన్నగారి తర్వాత తరం. బసంతర్ నది పేరు బెంగళూరు సెంటర్‌లో మాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు. పాకిస్తాన్‌లో షకర్‌గఢ్ వైపు, డిసెంబర్ 15 రాత్రి. నది దాటితే అవతల మైన్లు. సాపర్లు దారి తీస్తున్నారు, పని పూర్తి కాకముందే మన ట్యాంకులు అందులోంచే ముందుకు పోవాల్సి వచ్చింది. మర్నాడు సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ పోయింది అక్కడే, పరమవీర చక్ర ఇచ్చారు. మీ నాన్నగారు "చలి" అని ఊరుకున్నారంటే నాకు అర్థమైంది.

మైన్ల లెక్క ఇన్లాండు మీద రాసుకోవడం మాత్రం జరగదు. మైన్‌ఫీల్డ్ పాతితే కొలతలతో రికార్డు తయారవుతుంది, పై ఆఫీసుకి వెళ్తుంది. ఆ కాగితం చూసే మళ్ళీ తీస్తారు. సొంత కాగితాల మీద రాసుకుంటే ఇంటికి కాదు, జైలుకి పోతారు. ఆ చుక్కలూ గీతలూ ఒకే కలంతో పెట్టినవా చూడండి.

యుద్ధం డిసెంబర్ 17న ఆగినా పడమటి వైపు వెంటనే వెనక్కి రాలేదు. పట్టుకున్న నేల మీదే ఏడాది ఉన్నారు. 1972 జూలైలో సిమ్లా ఒప్పందం, డిసెంబర్‌లో వాపసు. మైన్లన్నీ తీయాలి కదా. ఆ ఏడాదంతా మా వాళ్ళకి తెరిపి లేదు.

అక్షరాల పురుగు

దయచేసి చిరిగిన చోట సెల్లో టేపు వెయ్యకండి, పదేళ్ళకి పసుపు మరక మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు. నీడలో, పగటి వెలుతురులో ఫోన్‌తో రెండు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి. మళ్ళీ ఆ ట్రంకులోనే పెట్టొద్దు, ఇనుము తుప్పు కాగితానికి పాకుతుంది.

గోదారి పిల్ల

రెండు రోజులు ఇటు రాలేదు, క్షమించండి.

డిసెంబర్ 5 అని చూడగానే పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి 84. నేను పుట్టింది ఆ ఏడు శ్రావణంలో, అంటే అప్పటికి నాకు నాలుగో నెల. "అవునే, యుద్ధం వచ్చిందని పంచాయతీ రేడియోలో చెప్పారు, ఆ పొద్దున్నే నిన్ను ఏలూరు ఆసుపత్రికి పట్టుకుపోయాం. నీళ్ళ విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. మీ అమ్మ వారం రోజులు ఆ వరండాలోనే. దక్కవనుకున్నాం" అంది. ఇన్నేళ్ళలో అమ్మ నాతో ఈ ముక్క అనలేదు.

ఆ వరండాలో కూచుని అమ్మ రాసిన ఉత్తరం ఇది, కొంచెమే పెడుతున్నాను:

"ఇక్కడ అందరం క్షేమం. చంటిది ఇప్పుడే పాలు తాగి నిద్రపోయింది. అత్తయ్య వాకిట్లో వడ్లు ఆరబోశారు. కాకుల్ని తోలుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు చెవులకి మఫ్లరు చుట్టుకోవడం మర్చిపోకండి."

కాకులు! ఆసుపత్రి వరండాలో ఏ కాకుల్ని తోలిందో. అడ్రసు కూడా వేరే చేతిరాత, ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. ఆసుపత్రిలో ఎవరినో బతిమాలి రాయించుకుని ఉంటుంది. సంక్రాంతి వెళ్ళాక రాసిన దాంట్లో "మార్గశిరంలో చంటిదానికి కాస్త నలత చేసింది, ఇప్పుడు పారాడుతోంది" అని ఒక్క లైను. కాస్త నలతట.

చివరి ఉత్తరం ఏదో కూడా తేలింది. అందులో "బస్సులు లేవు, రైళ్ళు లేవు, బళ్ళు మూసేశారు. మీరు అక్కడే క్షేమంగా ఉన్నారు, తొందరపడి బయల్దేరకండి" అని ఉంది. సరిహద్దులో మైన్లు తీస్తున్న మనిషికి! యుద్ధం నాటిదేమోనని ముందు పెట్టాను. కాదు, జై ఆంధ్ర ఉద్యమం, 1972 చివర.

తంబీ గారూ, ఇక మీ చుక్కలు. నిన్న పొద్దున్న కిటికీ దగ్గర పెట్టి చూశాను. చుక్కలు సిరా, అమ్మ కలమే. గీతలు పెన్సిలు. లోపల చదివితే తెలిసింది, అది భోగి ముందు రోజు రాసింది. "ఏడు చుక్కలు, ఒకటి వచ్చేదాకా. వాకిట్లో వేసిన మెలిక ముగ్గు ఇదే. మీకు అక్కడ తీరిక దొరికితే కలపండి చూద్దాం."

నాన్న కలిపారు. పెన్సిలు రెండు చోట్ల చెరిపి మళ్ళీ గీసిన మరక ఉంది. మెలిక ముగ్గులో గీత చుక్కని తాకకూడదు, చుట్టూ తిరిగి రావాలి. ఆయన మూడు వరసలు బాగానే తిప్పారు, నాలుగో వరసలో రెండు చుక్కల మీదుగా తిన్నగా లాగేశారు.

పాత పంచాంగం గారూ, తిథీ వారమూ ఉన్నవి తొమ్మిది తేలాయి, రాత్రికి ఇక్కడ పెడతాను.