పండక్కి పుస్తకాల గుట్ట వచ్చిపడింది, ఎక్కడ మొదలుపెట్టను?

ఈసారి పండక్కి బట్టలొద్దు, పుస్తకాలివ్వండి అన్నాను. అందరూ నిజంగానే ఇచ్చారు! మంచం పక్కన మోకాలెత్తు దొంతర. లావు నవలలు, కథల సంపుటాలు, ఆత్మకథలు. ఒకటి పట్టుకుంటే పక్కది పిలుస్తోంది, ఏదీ పది పేజీలు దాటట్లేదు. మీరైతే ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి తీస్తారా, లేక పగలు నవల, రాత్రి కథలు అన్నట్టు కలిపి చదువుతారా? ఇచ్చినవాళ్లేమో అప్పుడే "ఎలా ఉంది?" అని ఫోన్లు!

ఇంకోమాట. గట్టి అట్ట పుస్తకాన్ని ఒక్కసారిగా మధ్యకి విరవకుండా, ముందు కొన్ని, వెనక కొన్ని పేజీలు మార్చి మార్చి నొక్కుతూ తెరవాలని తెలుసు. జిగురు బైండింగు పేపర్‌బ్యాక్‌లకీ ఇదే పద్ధతా? అలమారా వచ్చేదాకా ఇలా పడుకోబెట్టి పేర్చితే అడుగువాటికి ఏమైనా అవుతుందా? అనుభవమున్నవాళ్లు కాస్త చెప్పండి.