అంబాసిడర్ వెనక షాకిల్ బుష్‌లు: కొత్తవి వేసినా మళ్లీ టక్ టక్

అనంతపురం_అంబి:
1980ల నాటి అంబాసిడర్ అన్నా. వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) షాకిల్ బుష్‌లు, అంటే కట్ట కొసను బాడీకి తగిలించే ఊగే లింకులోని రబ్బర్లు, ఈమధ్యనే మార్పించినా. స్పీడ్ బ్రేకర్ దిగితే ఎడమపక్క మళ్లీ కొడతాంది. విప్పి చూస్తే రబ్బరు ఒక పక్క చీలింది, చేతికి జిగట అంటుతాంది. బిగించేటప్పుడు బండి జాకీ మీద ఉండె, చక్రాలు వేలాడుతుండె. గ్రీజు కూడా పూసినారు. తప్పు సరుకుదా, పనిదా? రబ్బరు బదులు పాలీయురేథేన్‌వి (గట్టి ప్లాస్టిక్ లాంటివి) వేస్తే మేలా?

కడప_కమాన్లు:
పనిదే. జిగటకు కారణం గ్రీజు. పెట్రోలియం గ్రీజు, ఇంజనాయిలు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఎక్కించడానికి సబ్బునీళ్లు చాలు, అవి ఆరిపోతాయి.

చీలికకు కారణం వేలాడుతుండగా బిగించడం. ఈ బుష్ తన మధ్యలో దూరే ఇనుప పిన్ను మీద తిరగదు. నట్టు బిగిసినాక రబ్బరే మెలి తిరిగి షాకిల్‌ను ఊగనిస్తుంది. చక్రం వేలాడే కోణంలో బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి అట్లనే ఉండిపోతుంది. గుంత వస్తే ఇంకా మెలి. ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బండి నేల మీద ఉన్నప్పుడే నట్లు కొంచెం వదులు చెయ్యి. తర్వాత బాడీ కింద స్టాండ్లు, ఇరుసు కింద జాకీ. పిన్ను రాకపోతే సుత్తి పట్టొద్దు. జాకీని కాస్త పైకో కిందికో జరుపు, కట్ట బరువు తప్పిన చోట పిన్ను చేత్తోనే వస్తుంది. గ్యాస్ మంట అసలొద్దు, పెట్రోల్ ట్యాంకు వెనకే ఉంది. కట్ట కన్నులో (పిన్ను దూరే కొస రంధ్రంలో) తుప్పంతా గీకి, రెండు సగాలుగా వచ్చే బుష్‌లు రెండు పక్కల నుంచీ తోసి, నట్లు చేతి బిగువు వరకే తిప్పు. చక్రాలు నేలకు దించి, డిక్కీ మీద నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదిలి, అప్పుడు పూర్తిగా బిగించు. కింద దూరను సందు లేకుంటే సర్వీసు గుంత మీదికి తీసుకుపో, లేదా స్టాండ్లు ఇరుసు కింద పెట్టు. ఎట్లైనా బరువు కట్టల మీద పడాలి. రెండు పక్కలా మార్చు. 200 కిలోమీటర్లు తిరిగినాక మళ్లీ స్పానర్ వేసి చూడు.

కర్నూలు_లేత్:
పైదంతా సరే. కమాన్ ముందు కన్నులో ఇనుప గొట్టంలో అంటించిన బుష్ ఉంటే మాత్రం దారి వేరు. హాక్సా బ్లేడు లోపలికి దూర్చి పాత గొట్టాన్ని నిలువునా కొయ్యి, కన్నుకు గాటు పడకుండా చూసుకో. కొత్తది ప్రెస్‌లో ఎక్కించేటప్పుడు బయటి గొట్టం అంచునే నొక్కాలి. లోపలి గొట్టాన్ని నొక్కితే రబ్బరు అక్కడే ఊడుతుంది.

పాలీ బుష్ పిన్ను మీద తిరుగుతుంది కాబట్టి మెలి సమస్య లేదు. సిలికాన్ గ్రీజు తప్పనిసరి, అది ఆరిపోయి దుమ్ము చేరితే కిర్రుమంటుంది. మన దుమ్ములో, మెత్తగా పోవాల్సిన బండికి నేనైతే రబ్బరే వేస్తా.

ముందు వైపు ఇదే ధైర్యంతో విప్పొద్దు. అక్కడ స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీ, టార్షన్ బార్, మెలిపడి ఉంటుంది, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌కు జాకీ ఆనించకుండా బోల్టు తీస్తే కొడుతుంది.

అనంతపురం_అంబి:
పిన్ను మధ్యలో గోరుకు తగిలేంత గాడి ఉంది. వెల్డింగ్ నింపి లేత్ పట్టిస్తే?

కర్నూలు_లేత్:
వద్దు. వెల్డింగ్ వేడికి పిన్ను గట్టిదనం పోతుంది, వంగనన్నా వంగుతుంది, విరగనన్నా విరుగుతుంది. ప్లేటుతో సహా కొత్త పిన్ను తెచ్చుకో.