పాలివారు అంటే పాలు పోసేవాళ్ళా?

పోయిన ఆదివారం మా చర్చిలో ఒక కుర్రాడు బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక (ఫిలిప్పీ ఊరి క్రైస్తవ సంఘానికి పౌలు రాసిన ఉత్తరం) చదువుతూ ‘పాలివారు’ దగ్గర తడబడి ‘పాలవారు’ అని చదివేశాడు. ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, “అన్నా, వీళ్ళు పౌలుకు పాలు పోసేవాళ్ళా?” అని అడిగాడు. వాడి తప్పేం లేదు. ఆ మాట ఇప్పుడు బైబిలు బయట వినపడితే కదా! మంచి మాట, పోగొట్టుకోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

పాలు అంటే వాటా. వాటా ఉన్నవాడు పాలివాడు. పేపర్లో రోజూ చూసే ‘పాల్గొన్నారు’లో ఉన్నది ఈ పాలే: పాలు + కొను. సభలో ఊరికే కూర్చుని వచ్చినవాణ్ణి కూడా పాల్గొన్నాడనే అంటున్నాం గానీ, అసలు అర్థం తన వంతు తీసుకోవడం.

లూకా 5వ అధ్యాయంలో సీమోను వల చేపలతో నిండి పిగిలిపోతుంటే, వేరొక దోనెలో ఉన్న ‘తమ పాలివారు’ వచ్చి సాయం చేయాలని సైగ చేస్తారు. వాళ్ళొస్తారు, రెండు దోనెలూ మునిగేంతగా నిండుతాయి. మా సముద్రం ఒడ్డున పెరిగినవాళ్ళకు ఈ మాట వివరించక్కర్లేదు. వేట అమ్మిన డబ్బులో పడవకో పాలు, వలకో పాలు, మనిషికో పాలు. చేపలు పడని రోజున అందరి పాలూ సున్నాయే. పక్క దోనెవాడు దయతలచి వచ్చినవాడు కాదు, ఆ వలలో అతనికీ పాలు ఉంది.

ఇక ఫిలిప్పీ 4:15. “ఇచ్చు విషయములోను పుచ్చుకొను విషయములోను మీరు తప్ప మరి ఏ సంఘపువారును నాతో పాలివారు కాలేదు.” ఇచ్చుట, పుచ్చుకొనుట అన్న జంట గ్రీకు మూలంలో వ్యాపారుల లెక్కల భాష. మన జమాఖర్చు అనుకోండి. పౌలు బంధకాల్లో ఉన్నాడు. ఫిలిప్పీ ఎక్కడో మాసిదోనియలో ఉంది. అక్కడివాళ్ళు ఎపఫ్రొదితు అనే తమ మనిషి చేతికి కానుక ఇచ్చి పంపారు. అతను జబ్బుపడి చావుదాకా వెళ్ళాడు. ఒక సేవకుడికి బయటి సంఘం చేసిన సాయం ఇది. దానికి మన అనువాదకులు ఎంచుకున్న మాట ‘పోషకులు’ కాదు, ‘దాతలు’ కాదు. పాలివారు. దానికి ముందు వచనం, 4:14లోనే “నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని” అని ఉంది. డబ్బులో పాలు కన్నా ముందు శ్రమలో పాలు.

‘సహవాసము’ అని అపొస్తలుల కార్యములు 2:42లో చదువుతామే, దానికీ దీనికీ గ్రీకులో మూలం ఒకటే, కొయినోనియా. ఒకచోట సహవాసమయింది, ఒకచోట పాలయింది.

మా నాన్నగారు చిన్న పల్లెలో పాస్టరు. ఒక ఏడాది కామెర్లతో ఆరు ఆదివారాలు మంచం దిగలేదు. పక్క ఊరి పాస్టరు గారు, మా శాఖ కూడా కాదు, పొద్దున్నే తన ఆరాధన ముగించుకుని సైకిల్ మీద మా ఊరొచ్చి వాక్యం చెప్పేవారు. కానుకల సంచి ముడి విప్పకుండా అమ్మ చేతిలో పెట్టి, గ్లాసెడు మజ్జిగ తాగి వెళ్ళిపోయేవారు. రెండేళ్ళకు వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు ఆ సంఘాన్ని నెలరోజులు చూసుకున్నది మా నాన్న. వాళ్ళిద్దరూ ‘పార్ట్‌నర్‌షిప్’ అనే మాట పలకగా నేను వినలేదు.

ఇప్పుడు మనవైపు ‘సపోర్టు’ అంటున్నాం. “ఆ అయ్యగారికి సపోర్టు ఉందా?” అంటే నెలనెలా డబ్బు వస్తోందా అని. డబ్బు అవసరమే, కాదనను. కానీ సపోర్టు ఒకవైపు నుంచే నడుస్తుంది. ఇచ్చేవాడు దొర, పుచ్చుకునేవాడు లెక్క అప్పజెప్పేవాడు. తన గుండెబరువు చెప్పుకోవడానికి మరో సేవకుడు లేక ఒంటరిగా కుమిలిపోయే పాస్టర్లు నాకు తెలుసు. వాళ్ళకు కావలసింది పాలివాడు.

దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల ముందు నిలబడి అడిగింది ఇదే. మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులనివ్వండి అన్నారు. ఆయనది తిరునల్వేలి. 1903లో అక్కడి తమిళ క్రైస్తవులు స్థాపించుకున్న మిషనరీ సంఘం తరఫున దోర్నకల్ వచ్చారు, 1912లో బిషప్ అయ్యారు. మన తెలుగు సంఘానికి బయటి సాయం అనగానే ఓడల్లో వచ్చిన మిషనరీలే గుర్తొస్తారు. పక్క భాషవాళ్ళు పంపినవాళ్ళను కూడా గుర్తు పెట్టుకోవాలి.

చేర్పు: వరంగల్ వైపు మిత్రులొకరు, “మా దగ్గర పాలోళ్లంటే దాయాదులు, ఇంట్లో చావైతే వాళ్ళకూ మైల ఉంటది” అని రాశారు. చాలా సంతోషం. ఆస్తిలో పాలున్నవాడికి మైలలోనూ పాలుంది. ఈ అర్థం తెలిసిన చెవికి ఫిలిప్పీ 4:14 ఎంత గట్టిగా తగులుతుందో చూడండి.

‘భాగస్వాములు’ అంటే సరిపోదా అని ఇంకొకరు అడిగారు. అర్థానికి సరిపోతుంది. కానీ అది రిజిస్ట్రారు ఆఫీసు మాటలా వినిపిస్తుంది నాకు. అందులో చేపల వాసన లేదు.

ఉప్పాడ, భీమిలి, నిజాంపట్నం వైపు వాళ్ళెవరైనా ఉంటే, మీ రేవులో వాటాలను ఇంకా ‘పాలు’ అనే అంటున్నారా, ‘షేర్లు’ అయిపోయాయా, కాస్త కనుక్కుని రాయండి.